మోటారుహోమ్ గాలి వ్యవస్థ

మోటారుహోమ్ గాలి వ్యవస్థ అనగా వంటగది, పడకలు, స్నానాలగది కలిగిన పెద్ద ప్రయాణ వాహనంలో బ్రేకులు, సస్పెన్షన్, హారన్ వంటి భాగాలను సంపీడనం చేసిన గాలితో పనిచేయించే ఏర్పాటు. అమెరికా, కెనడా దేశాలలో వాడుకలో ఉన్న మోటారుహోములన్నింటికీ ఇది ఉండదు. పెట్రోలు ఇంజనుతో నడిచే బండ్లకు, అద్దెకు దొరికే చిన్న బండ్లకు సాధారణంగా కార్లలో వలె ద్రవంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులే ఉంటాయి. వెనుక భాగంలో డీజిల్ ఇంజను గల, "డీజిల్ పుషర్" అని పిలిచే పెద్ద బండ్లకు చాలావరకు గాలి వ్యవస్థ ఉంటుంది. తెలుగునాట లారీలు, ఆర్టీసీ బస్సులు నడిపేవారు ఇంజను వేసి "ఎయిర్ ఎక్కేవరకు" ఆగడం కూడా ఇటువంటి వ్యవస్థ వలననే.

అమెరికాలో లారీ లేదా బస్సు నడపదలచిన వ్యక్తి ఎయిర్ బ్రేకుల గురించి ప్రత్యేక పరీక్ష రాసి, బండిలోని బ్రేకులను తనిఖీ చేసి చూపవలసి ఉంటుంది. సొంత విహారానికి మోటారుహోమ్ నడిపేవారికి చాలా రాష్ట్రాలలో ఈ నిబంధన వర్తించదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం పెద్ద బండ్లకు వేరే తరగతి లైసెన్సు అడుగుతాయి. ఉదాహరణకు కాలిఫోర్నియాలో 40 అడుగులకు మించిన మోటారుహోముకు వాణిజ్యేతర "బి" తరగతి లైసెన్సు కావాలి. లారీతో సమానమైన బరువు గల బండి పరీక్ష లేకుండానే చేతికి వస్తుంది గనుక ఈ వ్యవస్థ గురించి తెలుసుకొనే బాధ్యత యజమానిదే అవుతుంది.

చరిత్ర

అమెరికాకు చెందిన జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో రైళ్ళకు గాలి బ్రేకు కనిపెట్టి పేటెంటు పొందాడు. ఆ తొలి పద్ధతిలో గొట్టం తెగితే బ్రేకు పనిచేసేది కాదు. 1872లో ఆయన రూపొందించిన మెరుగైన పద్ధతిలో గొట్టంలో పీడనం తగ్గితే బ్రేకు దానంతట అదే పడుతుంది. గాలి పోతే బండి ఆగిపోవాలి అనే ఈ సూత్రమే నేటి లారీలలోను, మోటారుహోములలోను వేరొక రూపంలో కొనసాగుతున్నది. అమెరికాలో ఎయిర్ బ్రేకులకు సంబంధించిన 121వ సంఖ్య సమాఖ్య భద్రతా ప్రమాణం 1975లో అమలులోకి వచ్చింది. 1994 నుండి ఎయిర్ బ్రేకు గల కొత్త వాహనాలకు బ్రేకు అరుగుదలను తమంత తామే సరిచేసుకొనే స్లాక్ అడ్జస్టర్లు తప్పనిసరి అయ్యాయి.

ముఖ్య భాగాలు

కంప్రెసర్: ఇంజనుతో పాటు తిరుగుతూ బయటి గాలిని పీల్చి సంపీడనం చేస్తుంది.

గవర్నరు: కంప్రెసర్ ఎప్పుడు గాలి ఎక్కించాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయిస్తుంది. చదరపు అంగుళానికి పౌండ్లలో (పి.ఎస్.ఐ.) చెప్పినచో పీడనం సుమారు 125కు చేరినపుడు ఎక్కించడం ఆపి, సుమారు 100కు తగ్గినపుడు తిరిగి మొదలుపెడుతుంది. బండిని బట్టి ఈ అంకెలలో కొద్ది తేడా ఉంటుంది.

ఎయిర్ డ్రయ్యర్: గాలిలోని తేమను, నూనె తుంపరలను తొలగిస్తుంది. పీడనం నిండినపుడు బండి కింద నుండి "బుస్సు"మని వినిపించే శబ్దం డ్రయ్యర్ తాను పట్టిన నీటిని బయటకు వదిలే శబ్దం. అది లోపం కాదు.

ట్యాంకులు: డ్రయ్యర్ నుండి వచ్చిన గాలి మొదట "తడి ట్యాంకు"కు చేరుతుంది. అక్కడి నుండి రెండు వేరువేరు బ్రేకు ట్యాంకులకు వెళుతుంది. వీటి మధ్య గాలిని ఒకే దిశలో పోనిచ్చే కవాటాలు ఉంటాయి. అందువలన ఒక వలయంలో గాలి పోయినా రెండవది మిగులుతుంది. డ్రైవరు ముందు రెండు పీడన సూచికలు ఉండటానికి ఇదే కారణం.

రక్షణ కవాటం: గవర్నరు చెడిపోయి పీడనం మితిమీరినపుడు, సాధారణంగా 150 పి.ఎస్.ఐ. వద్ద, గాలిని బయటకు వదులుతుంది.

ఎయిర్ బెల్లోలు: ఉక్కు కమానులకు బదులుగా బండి బరువును మోసే రబ్బరు గాలి సంచులు. బండి ఎత్తును బట్టి వీటిలోకి గాలిని పంపే, వదిలే కవాటాలు ఉంటాయి.

పనిచేసే విధానం

పెడల్ నొక్కినపుడు ట్యాంకులోని గాలి చక్రాల వద్ద ఉన్న బ్రేకు ఛాంబర్లలోకి ప్రవేశించి అందులోని పొరను నెడుతుంది. 30 చదరపు అంగుళాల వైశాల్యం గల ఛాంబర్‌లో 100 పి.ఎస్.ఐ. పీడనం 3,000 పౌండ్ల (సుమారు 1,360 కిలోల) బలాన్ని కలిగిస్తుంది. మామూలుగా బండిని ఆపడానికి ఇందులో కొంత భాగమే సరిపోతుంది.

పార్కింగ్ బ్రేకు పద్ధతి దీనికి పూర్తిగా భిన్నమైనది. వెనుక ఛాంబర్లలో బలమైన ఉక్కు స్ప్రింగు ఉంటుంది. బ్రేకు పట్టేది ఆ స్ప్రింగే. దానిని నొక్కిపెట్టి చక్రాన్ని వదిలించేది గాలి. డ్రైవరు పసుపు రంగు నాబును లాగితే గాలి బయటకు పోయి స్ప్రింగు బ్రేకు పడుతుంది. నాబును లోపలికి నెడితే గాలి ప్రవేశించి బ్రేకు వదులుతుంది. కనుక ట్యాంకులు ఖాళీగా ఉన్న బండి కదలదు. దారిలో పీడనం 20 నుండి 45 పి.ఎస్.ఐ. మధ్యకు పడిపోతే నాబు దానంతట అదే బయటకు వచ్చి బ్రేకు పడుతుంది. ఆ స్థితి రాకముందే, దాదాపు 60 పి.ఎస్.ఐ. వద్ద, హెచ్చరిక దీపం వెలిగి బజరు మోగుతుంది. అప్పుడు పెడల్‌ను పదేపదే నొక్కి ఉన్న గాలిని ఖర్చు చేయకుండా, బండి అదుపులో ఉండగానే రోడ్డు పక్కన సురక్షితమైన చోట ఆపాలి.

గాలి గొట్టాలలో ప్రయాణించడానికి కొంత సమయం పడుతుంది. గంటకు 55 మైళ్ళ (సుమారు 88 కి.మీ.) వేగంలో ఈ జాప్యం వలన బండి ఆగే దూరం దాదాపు 32 అడుగులు పెరుగుతుంది. కారు నడిపే అలవాటుతో ముందు వాహనానికి దగ్గరగా నడపడం ఇందువలన ప్రమాదకరం. ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు తక్కువ గేరును, ఇంజను బ్రేకును ఉపయోగించి, చక్రాల బ్రేకులు వేడెక్కకుండా చూసుకోవాలి.

బయలుదేరే ముందు తనిఖీ

అమెరికాలో వాణిజ్య వాహనాల డ్రైవర్లకు నేర్పే పరీక్ష మోటారుహోముకు కూడా సరిపోతుంది. బండిని సమతలంపై నిలిపి, చక్రాలకు ముందు, వెనుక గట్టి అడ్డుదిమ్మలు పెట్టిన తరువాతే దీనిని చేయాలి.

1. పీడనం పూర్తిగా ఎక్కిన తరువాత ఇంజను ఆపి, తాళంచెవిని ఆన్ స్థితిలో ఉంచి, పార్కింగ్ బ్రేకు వదలాలి. ఒక నిమిషంలో పీడనం 2 పి.ఎస్.ఐ. కంటే ఎక్కువ తగ్గరాదు.
2. పెడల్‌ను గట్టిగా నొక్కి పట్టాలి. మొదట ముల్లు కొంత పడుతుంది. అటుపిమ్మట ఒక నిమిషంలో తగ్గుదల 3 పి.ఎస్.ఐ. మించరాదు.
3. పెడల్‌ను మాటిమాటికి నొక్కి వదులుతూ పీడనం తగ్గించాలి. దాదాపు 60 పి.ఎస్.ఐ. వద్ద హెచ్చరిక రావాలి.
4. ఇంకా తగ్గించినపుడు 20 - 45 మధ్య పసుపు నాబు బయటకు రావాలి.
5. ఇంజను వేసి, తగిన వేగంలో తిప్పుతూ పీడనం ఎక్కడాన్ని గమనించాలి. సాధారణంగా 85 నుండి 100కు 45 సెకన్లలోపు చేరాలి.

వీటిలో ఏది తప్పినా మరమ్మత్తు అయ్యేవరకు బండిని రోడ్డెక్కించరాదు. గాలి కారే చోటును కనుగొనడానికి కీళ్ళపై సబ్బునీరు పూస్తారు. బుడగలు వచ్చిన చోట కారుతున్నట్లు.

నిర్వహణ

ఈ వ్యవస్థకు ప్రధాన శత్రువు నీరు. గాలిలో ఎల్లప్పుడూ కొంత ఆవిరి ఉంటుంది. సంపీడనం చెందిన గాలి చల్లబడినపుడు ఆ ఆవిరి నీరుగా మారి ట్యాంకుల అడుగున చేరుతుంది. దాని వలన ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, కవాటాలు పాడవుతాయి. చలికాలంలో గొట్టాలలో నీరు గడ్డకట్టి బ్రేకులు పనిచేయకపోవచ్చు కూడా. ట్యాంకుల అడుగున ఉండే డ్రెయిన్ కవాటాలను తెరిచి, తడి ట్యాంకుతో మొదలుపెట్టి నీటిని తీసివేయాలి. డ్రయ్యర్ లేని బండికి ఈ పని ప్రయాణం సాగే ప్రతిరోజూ చేయాలి. డ్రయ్యర్ ఉన్న బండికి కూడా నెలకొకసారి పరీక్షించడం మంచిది. పొడి గాలి మాత్రమే వస్తే డ్రయ్యర్ బాగున్నట్లు. నీరు వస్తే అందులోని తేమను పీల్చే గుళికల కార్ట్రిడ్జ్ మార్చవలసిన సమయం వచ్చినట్లు. నీటితోపాటు నూనె ఎక్కువగా కలిసి వస్తుంటే కంప్రెసర్ అరిగిందేమో చూడాలి. కార్ట్రిడ్జ్‌ను సాధారణంగా రెండు, మూడేళ్ళకొకసారి మారుస్తారు. తయారీదారు చెప్పిన గడువును పాటించాలి.

మోటారుహోమ్ లారీ వలె రోజూ నడవదు. నెలల తరబడి కదలకుండా ఉండటం వలన నీరు నిలిచి తుప్పు పట్టడం ఇందులో సాధారణం. స్లాక్ అడ్జస్టర్లకు, బ్రేకు ఇరుసులకు గ్రీజు పెట్టడం మరువరాదు. తమంత తామే సరిచేసుకొనే అడ్జస్టర్ సరిగా లేనపుడు చేత్తో తిప్పి సరిచేస్తే లోపం కప్పబడుతుందే తప్ప పోదు.

టైర్లకు గాలి నింపుట

చాలా బండ్లకు గాలి గొట్టం తగిలించుకొనే కనెక్షన్ ఉంటుంది. అయితే టైరుకు 110 పి.ఎస్.ఐ. కావలసి, ట్యాంకు పీడనం 105కు తగ్గినచో, అది ఇంకా 100కు చేరలేదు గనుక గవర్నరు కంప్రెసర్‌ను పనిచేయనివ్వదు. అటువంటప్పుడు పెడల్‌ను కొన్నిసార్లు నొక్కి పీడనాన్ని 100 కంటే దిగువకు తేవాలి. కంప్రెసర్ మళ్ళీ 125 వరకు ఎక్కిస్తుంది. ఇంజను నడుస్తున్నంతసేపు పార్కింగ్ బ్రేకు వేసే ఉంచాలి.

ప్రాణాపాయ హెచ్చరికలు

ఎయిర్ బెల్లోల ఆధారంతో మాత్రమే నిలిచిన బండి కిందికి ఎన్నడూ దూరరాదు. గొట్టం తెగినా, కవాటం తెరుచుకున్నా పది, పదిహేను టన్నుల బండి క్షణంలో కిందికి దిగుతుంది. చట్రానికి తగిన ఉక్కు స్టాండులు పెట్టిన తరువాతే కింద పని చేయాలి. స్ప్రింగు బ్రేకు ఛాంబర్‌ను విప్పరాదు. లోపల నొక్కిపెట్టి ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా విచ్చుకొంటే మనిషి ప్రాణం పోగలదు. ఆ పనిని శిక్షణ పొందిన మెకానిక్కుకే అప్పగించాలి. మిగిలిన పనులు, అనగా సూచికలు చూడటం, నీరు తీయడం, పై ఐదు పరీక్షలు జరపడం, యజమాని స్వయంగా పావుగంటలో చేసుకోదగినవి.