ముందు పేరు అడగండి

మీవారు వార్డులో ఉండగా ఫోను వస్తుంది. "ఇన్సూరెన్స్ నుంచి మాట్లాడుతున్నాం, ఇంకో కాగితం పంపండి" అంటారు. కంగారులో "సరే సార్" అని పెట్టేస్తారు. ఆ కాగితం అందలేదని సాయంత్రం అంటే ఎవరిని అడుగుతారు?

మా నర్సులకు పేరు బ్యాడ్జి ఉంటుంది. ఫోనులో బ్యాడ్జి కనబడదు గదా! కనుక పేరు, కంపెనీ మనిషా లేక కంపెనీ తరఫున క్లెయిములు చూసే టి.పి.ఏ. వారా అన్నది అడిగి, టైముతో సహా వ్రాసుకోండి. ఇది అమర్యాద కాదు. పాలసీ అమ్మే ఏజెంటు తానెవరో, ఏ కంపెనీ తరఫునో చెప్పాలనీ, అడిగితే గుర్తింపు కార్డు చూపాలనీ బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. 2016లోనే నిబంధన పెట్టింది.

డిశ్చార్జి రోజున ఇది మరీ అవసరం. 2024 నిబంధనల ప్రకారం క్యాష్‌లెస్ కేసుల్లో ఆసుపత్రి డిశ్చార్జికి అనుమతి కోరిన 3 గంటల్లోగా కంపెనీ జవాబివ్వాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వేసే ఖర్చు కంపెనీదే. ఎవరు, ఎన్ని గంటలకు, ఏమన్నారో మీ పుస్తకంలో ఉంటే గట్టిగా అడగవచ్చు. క్లెయిము ఇవ్వమన్నా నోటిమాట చాలదు. పాలసీలోని ఏ షరతు ప్రకారమో తెలియజేయాలి.

పేరు చెప్పడానికి నసిగేవారికి, ఓ.టి.పి. అడిగేవారికి ఏ వివరమూ ఇవ్వకండి. పాలసీ కార్డు మీది నంబరుకు మీరే ఫోను చేసి కనుక్కోండి. ఐ.ఆర్.డి.ఎ.ఐ. నుంచి బోనస్ వచ్చిందంటే అది మోసమే, ఆ సంస్థ బోనస్‌లు ప్రకటించదు. కంపెనీకి ఫిర్యాదు చేసినా పని జరగకపోతే 155255కు ఫోను చేయండి.