మొదటి గేమింగ్ కంప్యూటర్: 60 వేల రూపాయలు ఏ భాగానికి ఎంత పెట్టాలి?

ఇంటర్ పరీక్షలు అయిపోగానే చాలా ఇళ్లలో ఈ చర్చ మొదలవుతుంది. అబ్బాయికి గేములు ఆడుకునే కంప్యూటర్ కావాలి. అబ్బాకేమో అది డిగ్రీ చదువుకీ, ట్యాలీకీ, కోడింగ్‌కీ పనికిరావాలి. అమ్మీ కూడబెట్టింది 60 వేలు. ముగ్గురూ కలిసి షాపుకి వెళ్తారు. గాజు తలుపు వెనక రంగురంగుల లైట్లు వెలిగే ఒక సిస్టమ్ చూపించి, "ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, అన్నీ కలిపి 45 వేలే" అంటారు. 15 వేలు మిగిలాయన్న సంతోషంతో ఇంటికి తెచ్చుకుంటారు. వారం తిరక్కుండానే గేమ్ ఆగి ఆగి నడుస్తుంది.

షాపువాళ్లు చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ ఉండకపోవచ్చు. ఐ5 నిజమే, కానీ అది 2012 నాటి మూడో తరం ఐ5. 4 జీబీ కార్డు నిజమే, కానీ అది 2014లో వచ్చిన జీటీ 730. పేరు ఒకటే అయినా సరుకు వేరు. అందుకే మొదటి కంప్యూటర్ కొనేవాళ్లు పేరు దగ్గర ఆగకుండా ప్రతి భాగం పూర్తి మోడల్ నంబర్ అడగాలి. డబ్బు ఎక్కడ ఎక్కువ పెట్టాలో, ఎక్కడ తగ్గించుకోవచ్చో ముందే కాగితం మీద రాసుకోవాలి.

ముందు ఆట, తర్వాత భాగాలు

అన్ని గేములకూ ఒకే కంప్యూటర్ అక్కర్లేదు. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ ఫోన్ ఆటలు. వాటి కోసమే అయితే ఇంత ఖర్చు అనవసరం. వాలరెంట్ తేలికైన గేమ్, మామూలు సిస్టమ్‌లో కూడా బాగా నడుస్తుంది. కౌంటర్ స్ట్రైక్ 2కు ఇంకొంచెం బలం కావాలి. జీటీఏ 5 కంప్యూటర్ మీదకు వచ్చింది 2015లో, కాబట్టి బడ్జెట్ కార్డు దాన్ని సులభంగా మోస్తుంది. ఈ రెండు మూడేళ్లలో వచ్చిన పెద్ద కథా గేములు ఆడాలంటే మాత్రం గ్రాఫిక్స్ కార్డు మీదే భారం పడుతుంది.

తెర సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ఈ బడ్జెట్‌కు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ సరిపోతుంది. 4కే తెర కొంటే కార్డు నాలుగు రెట్లు ఎక్కువ చుక్కలు గీయాలి. బడ్జెట్ కార్డు వల్ల అయ్యే పని కాదు. ఇంట్లో హెచ్‌డీఎంఐ ఉన్న టీవీ ఉంటే కొన్నాళ్లు దానితోనే నడిపించవచ్చు.

60 వేల లెక్క

మానిటర్, కీబోర్డు ఇంట్లో ఉన్నాయనుకుంటే డబ్బును ఇలా పంచుకోవచ్చు:

గ్రాఫిక్స్ కార్డు: 22,000
ప్రాసెసర్: 11,000
ర్యామ్: 8,000
మదర్‌బోర్డు: 6,000
ఎస్ఎస్‌డీ: 5,000
ఎస్ఎంపీఎస్: 4,500
క్యాబినెట్: 3,500

ఇవి రేట్లు కావు, వాటాలు. ధరలు వారం వారం మారుతుంటాయి. ముఖ్యంగా ర్యామ్. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్‌ల గిరాకీ పెరగడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎక్కాయి. కొనే రోజు రేటు చూసుకుని లెక్క సరిచేసుకోవాలి. మొత్తం డబ్బులో మూడో వంతుకు పైగా కార్డుకు పోవాలి, లైట్లకు పోకూడదు అన్నది మాత్రం మారదు. విండోస్ లైసెన్స్ ధర కొటేషన్‌లో కలిసి ఉందో లేదో కూడా అప్పుడే అడగాలి.

గ్రాఫిక్స్ కార్డు: జీబీలు చూసి మోసపోవద్దు

కార్డు మీద రాసే జీబీ అంటే దాని మెమరీ. అది గోడౌన్ లాంటిది. గోడౌన్ పెద్దదైనంత మాత్రాన ఫ్యాక్టరీ వేగంగా నడవదు. జీటీ 730కి 4 జీబీ ఉన్నా కొత్త గేములు నడపలేదు.

ఒకే పేరుతో రెండు రకాలు అమ్మడం ఇంకో చిక్కు. ఆర్‌టీఎక్స్ 3050 కార్డు 2022లో 8 జీబీతో వచ్చింది. 2024లో అదే పేరుతో 6 జీబీ కార్డు తెచ్చారు. తగ్గింది మెమరీ ఒక్కటే కాదు. లోపలి కోర్లు 2,560 నుంచి 2,304కు తగ్గాయి. మెమరీకి వెళ్లే దారి కూడా 128 బిట్ల నుంచి 96 బిట్లకు ఇరుకైంది. అయితే 6 జీబీ రకానికి దాదాపు 70 వాట్లే చాలు. చాలా మోడళ్లకు వేరే పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు. పాత ఆఫీసు కంప్యూటర్‌కు కార్డు తగిలించుకునేవాళ్లకు అది మంచిదే. కొత్తగా కట్టించుకునేవాళ్లు ఫుల్ హెచ్‌డీ కోసం ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 5050 లాంటి 8 జీబీ కార్డులను పోల్చి చూడాలి.

ప్రాసెసర్, మదర్‌బోర్డు: జోడీ కుదరాలి

ఈ బడ్జెట్‌లో ఎక్కువగా వినిపించే పేర్లు రెండు. రైజెన్ 5 5600, కోర్ ఐ5 12400ఎఫ్. రెండింటికీ ఆరేసి కోర్లు ఉన్నాయి. చదువు, ట్యాలీ, కోడింగ్, గేములు అన్నిటికీ సరిపోతాయి.

ఇంటెల్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే దానిలో సొంత గ్రాఫిక్స్ లేదని అర్థం. విడిగా కార్డు పెట్టకపోతే తెర మీద ఏమీ కనపడదు. రైజెన్ 5600కీ ఇదే వర్తిస్తుంది. 5600జీ అయితే సొంత గ్రాఫిక్స్ ఉంటుంది.

మదర్‌బోర్డు ప్రాసెసర్‌కు తగ్గదై ఉండాలి. రైజెన్ 5600 ఏఎం4 బోర్డులోనే కూర్చుంటుంది, దానికి డీడీఆర్4 ర్యామే పడుతుంది. తర్వాత వచ్చిన ఏఎం5 బోర్డులకు డీడీఆర్5 తప్పనిసరి. ఐ5 12400ఎఫ్ బోర్డుల్లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి ఏ ర్యామ్ పడుతుందో అడగకుండా కొనకూడదు. డీడీఆర్4 ముక్క డీడీఆర్5 స్లాట్‌లో దిగదు.

పాత ఐ5తో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. విండోస్ 11కు ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వాలరెంట్ కూడా విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఆన్‌లో లేకపోతే నడవదు.

ర్యామ్, ఎస్ఎస్‌డీ

16 జీబీ ర్యామ్ కొంటే ఒకే ముక్కగా కాకుండా 8 జీబీవి రెండు తీసుకోవాలి. రెండు ముక్కలుంటే ప్రాసెసర్ రెండు దారుల్లో మెమరీని అందుకుంటుంది. కార్డు లేకుండా నడిపే సిస్టమ్‌లో ఈ తేడా కళ్లకు కనపడుతుంది.

హార్డ్ డిస్క్ బదులు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఉండాలి. కనీసం 500 జీబీ. పెద్ద గేములు ఒక్కొక్కటి 100 జీబీ దాటడం ఇప్పుడు మామూలే. వీలైతే 1 టీబీ మేలు.

ఎస్ఎంపీఎస్: ఎవరూ అడగని భాగం

కొటేషన్ తగ్గించాలంటే ముందు కోత పడేది దీనికే. బయటికి కనపడదు, అబ్బాయి దాని గురించి అడగడు. కానీ ఇది కాలితే పక్కనున్న కార్డునో, బోర్డునో వెంట తీసుకుపోవచ్చు.

డబ్బా మీద 450 వాట్లు అని పెద్దగా రాసి ఉన్నా, పక్కన అతికించిన స్టిక్కర్ చదవాలి. అందులో 12 వోల్టుల వరుస ఉంటుంది. ప్రాసెసర్‌కూ, కార్డుకూ కరెంటు అక్కడి నుంచే వెళ్తుంది. ఆ వరుసలో 18 ఆంపియర్లు అని ఉంటే 12ను 18తో గుణించాలి. వచ్చేది 216 వాట్లు. ఆర్‌ఎక్స్ 6600కు 132 వాట్లు, రైజెన్ 5600కు 65 వాట్లు అని కంపెనీలే చెబుతున్నాయి. ఆ రెండే దాదాపు 200. వేసవిలో పూర్తి భారం పడితే ఇక ఊపిరి సలపదు. అందుకే పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది, 550 వాట్లది తీసుకోవాలి. కార్డు మారినా అదే ఎస్ఎంపీఎస్ ఏళ్ల తరబడి పనికొస్తుంది.

క్యాబినెట్ విషయంలో లైట్ల కన్నా గాలి ముఖ్యం. ముందు వైపు జాలీ ఉన్నది తీసుకోవాలి. ముందు భాగమంతా గాజుతో మూసేస్తే మన ఎండాకాలంలో లోపలి వేడి బయటికి పోదు.

డబ్బు చాలకపోతే అప్పు వద్దు, విడతలు చేసుకోండి

మానిటర్ కూడా కొనాల్సి వస్తే 60 వేలలో అన్నీ ఇమడవు. అప్పుడు చాలామంది నో కాస్ట్ ఈఎంఐ వైపు చూస్తారు. అందులో వడ్డీ లేనట్టు కనపడుతుంది గానీ, బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది. అంత మొత్తాన్ని ధరలో ముందే తగ్గించి చూపిస్తారు, అంతే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ కొన్నవాళ్లే కట్టాలి. వడ్డీ జోలికి పోకూడదనుకునే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకునే సంతకం చేయాలి.

ఇంకో దారి ఉంది. ప్రాసెసర్‌గా 5600జీ తీసుకుని కార్డును వాయిదా వేయడం. పై లెక్కలో కార్డు తీసేస్తే ఖర్చు 38 వేలు. మానిటర్‌కు 9 వేలు, కీబోర్డు, మౌస్‌కు 1,500 కలిపితే 48,500. చేతిలో ఇంకా 11,500 ఉంటాయి. చదువు మొదటి రోజు నుంచే సాగుతుంది. వాలరెంట్ లాంటి తేలిక గేములు సెట్టింగులు తగ్గించుకుని ఆడుకోవచ్చు. నెలకు 1,750 చొప్పున ఆరు నెలలు దాస్తే 22 వేల కార్డు వస్తుంది. కార్డు పెట్టాక 5600జీ వేగం 5600 కన్నా కొంత వెనకబడుతుంది, ఎందుకంటే దాని లోపలి క్యాష్ మెమరీ సగమే. అప్పు లేకపోవడానికి కట్టే ధర అదొక్కటే. అయితే ఎస్ఎంపీఎస్ మాత్రం మొదటి విడతలోనే మంచిది కొనాలి.

బిల్లు వదలొద్దు

"బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అనే మాట వినపడుతుంది. కంప్యూటర్ భాగాల మీద జీఎస్టీ 18 శాతం. 60 వేల ధరలో పన్ను సుమారు 9,150 రూపాయలు. తగ్గింపు ఆకర్షణీయంగానే ఉంటుంది. కానీ కార్డు పాడైన రోజు వారంటీకి కొన్న తేదీ చూపించాల్సి వస్తే చేతిలో కాగితం ఉండదు. బిల్లులో ప్రతి భాగం పూర్తి మోడల్ నంబర్, సీరియల్ నంబర్ రాయించుకోవాలి. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ కూడా ముందు అడిగేది బిల్లే.

సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట ఒకే భవనంలో పదుల షాపులుంటాయి. కనీసం మూడు చోట్ల రాతపూర్వకంగా కొటేషన్ తీసుకుని, మొత్తం ధర కాకుండా ఒక్కో వరుస పోల్చాలి. ఒక చోట మరీ తక్కువైతే ఏ భాగం మారిందో వెతకాలి. ఎక్కువసార్లు అది ఎస్ఎంపీఎస్ అయి ఉంటుంది.

ఇంటికి తెచ్చాక మూడు పనులు

మొదటిది, మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. లేదంటే 22 వేల కార్డు ఖాళీగా కూర్చుంటుంది. రెండోది, 100 హెర్ట్జ్ మానిటర్ కొని ఉంటే విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 100 ఎంచుకోవాలి. తనంతట తాను 60 మీదే ఉండిపోవచ్చు. మూడోది, బయాస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేయించాలి. లేకపోతే ర్యామ్ దాని మీద రాసిన వేగంతో నడవదు. ఈ మూడూ షాపులోనే, సిస్టమ్ ఆన్ చేయించి, కళ్ల ముందు చూపించమని అడిగితే ఇంకా మంచిది. కొనేవాళ్లకు ఆ హక్కు ఉంది.