వెలిగే వాయుమేఘానికి చమురు పోసేదెవరు?

కూచిపూడి: 1868 ఆగస్టు 18న మన ప్రాంతంలో పట్టపగలే చీకటి పడింది. ఆ సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, బందరులో మద్రాసు నక్షత్రశాల అధిపతి పాగ్సన్ దూరదర్శినులు బిగించి కూర్చున్నారు. ఈ రెండు ఊళ్ల నడుమనున్న కూచిపూడి మీదుగా కూడా ఆ నీడ నడిచే ఉంటుంది. సూర్యబింబం పూర్తిగా మూతపడగానే అంచున ఎర్రని నాలుకలు కనిపించాయి. వాటి వెలుగును గాజు పట్టకం గుండా పంపితే ఇంద్రధనుస్సులా పరచుకోలేదు, విడివిడి గీతలుగా మెరిసింది. అవి వేడెక్కి వెలుగుతున్న వాయువులని అప్పుడు తేలింది. అందులోని పసుపు గీత సోడియందేమోనని తొలుత అనుకున్నారు. కాదని ఆ ఏడే ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు. అదే హీలియం. భూమి మీద అది దొరికింది మాత్రం 1895లో.

గీతలను బట్టి వాయువు గుట్టు తెలుసుకునే ఆ ఉపాయాన్నే ఇప్పుడు శాస్త్రజ్ఞులు కోట్ల కాంతి సంవత్సరాల దూరానికి ప్రయోగిస్తున్నారు. కొన్ని గెలాక్సీల నడిబొడ్డున వాయుమేఘాలు విపరీతంగా వెలుగుతున్నాయని 1943లో అమెరికాకు చెందిన కార్ల్ సీఫర్ట్ వివరించాడు. వాయువు తనంతట తాను వెలగదు. వెనకటి భాగవతుల ఆటలో పాత్ర ప్రవేశించే వేళ కాగడా మీద గుగ్గిలం చల్లితే మంట భగ్గుమనేది. మరి అక్కడ గుగ్గిలం చల్లే చెయ్యి ఎవరిది?

అనుమానితులు ఇద్దరు. ఒకరు కొత్తగా పుట్టిన వేడి నక్షత్రాలు, రెండోవారు నడిమధ్యనున్న కృష్ణబిలం. బిలం నల్లనిదే గాని, అందులో పడబోయే వాయువు తూము దగ్గర నీరులా సుడి తిరిగి, ఒకదానితో ఒకటి ఒరుసుకుని కాగిపోతుంది. ఆ కాకకు అతినీలలోహిత కిరణాలు, ఎక్స్‌రేలు వెలువడి చుట్టుపక్కల మేఘాలను తాకుతాయి.

ఎవరి పనో తేల్చడానికి లెక్క ఉంది. హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడాలంటే 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల దెబ్బ చాలు. ఆక్సిజన్ నుంచి రెండోది ఊడాలంటే 35 కావాలి. నియాన్ నుంచి నాలుగోది ఊడాలంటే 97. వేడి నక్షత్రాలు 35 దాకా నెట్టుకొస్తాయి, 97 మామూలుగా వాటి వల్ల కాదు. రాలిన కాయను బట్టి విసిరిన రాయి ఎంతదో చెప్పినట్లే, నియాన్ గీత కనిపించిందంటే కృష్ణబిలాన్ని అనుమానించవలసిందే. అయితే బిలం చెంత నుంచి దూసుకువచ్చే వాయుధారలు మేఘాలను గుద్దుకున్నా వేడి పుడుతుంది. కొన్నిచోట్ల ఎవరి వాటా ఎంతన్న పేచీ ఇంకా తెమలలేదు.

సీఫర్ట్ చూసిన వాటిలో మెసియే 77 అనే గెలాక్సీ సుమారు 4.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉంది. దాని నడిబొడ్డును ధూళివలయం తెరలా కప్పేసింది. 1985లో ఆంటొనూచి, మిల్లర్ అనే ఇద్దరు ఆ తెర పైనుంచి పక్కకు చెదరి వచ్చిన వెలుగును పట్టి, లోపలి అసలు పాత్రను గుర్తించారు. భామాకలాపంలో తెర మీదుగా వేసిన జడను చూసి సత్యభామ వచ్చిందని జనం పోల్చుకోవడం వంటిదే ఇది.

మన పాలపుంత సంగతి వేరు. నడుమ 40 లక్షల సూర్యుళ్ల బరువున్న కృష్ణబిలం ఉన్నదని రుజువు చేసినందుకు గెంజెల్, ఘెజ్‌లకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. 2022లో దాని ఛాయాచిత్రం కూడా వెలువడింది. కాని ప్రస్తుతం అది దాదాపు పస్తున్నట్లే. అందువల్ల అక్కడి వాయుమేఘాలను ప్రధానంగా వెలిగిస్తున్నది పక్కనే గుంపుగా ఉన్న పడుచు నక్షత్రాలే.

ఆ చోటు ధనూరాశి దిక్కున, 26 వేల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది. ధూళి అడ్డం కాబట్టి కంటికి అందదు. భాద్రపదంలో వాన వెలిసిన రాత్రి, తొలిజామున, కరెంటు దీపాలకు దూరంగా పొలం గట్టున నిలబడి దక్షిణంగా చూస్తే పాలపుంత కాస్త చిక్కగా కనిపించే తావు ఉంటుంది. అటువైపే.