నచ్చలేదన్నవారిది అయిష్టమేనా?

పై తరగతుల పిల్లల కబుర్లలో వీడియో గేములు తప్పక ఉంటాయి. అందుకే ఈసారి ఆ లోకపు ఉదంతాన్నే తీసుకున్నాం.

అమెరికా గేముల సంస్థ బ్లిజార్డ్ కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో జరిపే వేడుక పేరు బ్లిజ్‌కాన్. 2018 నవంబరులో దానికి అభిమానులు టికెట్లు కొనుక్కుని వచ్చారు. ‘డయాబ్లో’ మూడో భాగం 2012లో వచ్చింది. తర్వాతి భాగం కోసం చాలామంది ఆశగా ఉన్నారు. వేదికపై ప్రకటించింది మాత్రం ‘డయాబ్లో ఇమ్మోర్టల్’ అనే ఫోన్ ఆట. కంప్యూటర్‌లో ఆడే వీలుండదా అని అడిగితే, ఆ ఆలోచన లేదన్నారు. సభలో నిరసన కేకలు లేచాయి. ‘మీ దగ్గర ఫోన్లు లేవా?’ అని వేదిక మీంచి ఎదురు ప్రశ్న వచ్చింది. ఆ మాట ఏళ్ల తరబడి ఎగతాళికి గురైంది.

అభిమానులు అడిగింది ఫోన్ గురించి కాదు, తమ ఎదురుచూపు గురించి. మరుసటి ఏడాది వేడుకలో నాలుగో భాగాన్ని ప్రకటించారు. 2022లో విడుదలైన ఇమ్మోర్టల్ కంప్యూటర్‌కూ వచ్చింది.

తెలుగు పాఠం విసుగ్గా ఉందని మన పిల్లలూ అంటుంటారు. ‘పుస్తకం ఇచ్చాంగా’ అంటే మాట అక్కడే ఆగిపోతుంది. ‘ఏం ఉంటే బాగుండేది?’ అని అడిగితే మొదలవుతుంది. కేకలు వేయకుండా, నచ్చనిదేమిటో తెలుగులో నాలుగు వాక్యాల్లో చెప్పడం వారికి నేర్పుదాం. వినడం మనం నేర్చుకుందాం.