అమ్మమ్మ కెటిల్ అమెరికాలో ఎందుకు నెమ్మదించింది?

పిల్లలూ, కిందటి ఏడాది మేము అమెరికా వచ్చేటప్పుడు మా అమ్మ నా సూట్‌కేసులో ఒక కరెంటు కెటిల్ పెట్టేసింది. "అక్కడ కొనుక్కుంటాంలే అమ్మా" అన్నా వినలేదు. మా ఊళ్ళో ఆ కెటిల్‌లో లీటరు నీళ్ళు నాలుగు నిమిషాల్లో మరిగేవి. ఇక్కడికొచ్చాక దాని ప్లగ్గుకి అడాప్టర్ తగిలించి గోడకి పెట్టాను. లైటు వెలిగింది. కానీ నీళ్ళు ఎంతకీ మరగవే! టీ కోసం చుట్టాలు హాల్లో కూర్చుని ఉన్నారు. చివరికి 16 నిమిషాలు పట్టింది.

"కెటిల్ పాడైపోయిందా అమ్మా?" అని మా అమ్మాయి అడిగింది. పాడవలేదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ముందు నాలుగు మాటలు తెలుసుకోవాలి. ఇండియాలో అమ్మమ్మ వాళ్ళ మేడ మీద నీళ్ళ ట్యాంకు చూశారు కదా? ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే కింద కుళాయిలో నీళ్ళు అంత జోరుగా వస్తాయి. కరెంటుని అలా తోసే బలం పేరు వోల్టేజి. దాన్ని వోల్టుల్లో కొలుస్తాం. తీగలో పారే కరెంటుని ఆంపియర్లలో కొలుస్తాం. పైపు సన్నగా ఉంటే నీళ్ళు తక్కువ వస్తాయి కదా, అలాగే కరెంటుకి తీగ పెట్టే అడ్డుని నిరోధం అంటారు. దాని కొలత ఓమ్. జర్మనీకి చెందిన గియోర్గ్ ఓమ్ 1827లో ఈ సంగతి పుస్తకంగా రాశాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. ఇక నాలుగోది సామర్థ్యం, అంటే ఒక వస్తువు ఎంత వేగంగా పని చేస్తుందో చెప్పేది. దాన్ని వాట్లలో కొలుస్తాం.

గుర్తుంచుకోవాల్సిన లెక్కలు రెండే:

నిరోధం = వోల్టేజి ÷ కరెంటు
సామర్థ్యం = వోల్టేజి × కరెంటు

బళ్ళో మీరు వీటినే వీ, ఐ, ఆర్, పీ అనే అక్షరాలతో రాస్తారు. లెక్క మాత్రం ఒకటే.

ఇప్పుడు కెటిల్‌ని బోర్లించి చూడండి. అడుగున "230 వోల్టులు, 1500 వాట్లు" అని ఉంది. ఇండియాలో ఇళ్ళకి వచ్చే వోల్టేజి 230. మరి అక్కడ అది ఎంత కరెంటు తీసుకునేది? వాట్లని వోల్టులతో భాగించాలి: 1500 ÷ 230 = సుమారు 6.5 ఆంపియర్లు. నిరోధం ఎంత? 230 ÷ 6.5 = సుమారు 35 ఓమ్‌లు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఈ 35 ఓమ్‌లు కెటిల్ లోపలి తీగకి చెందినవి. విమానం ఎక్కినా, సముద్రం దాటినా ఆ తీగ మారదు. మారింది గోడలోని వోల్టేజి. అమెరికాలో అది 120 మాత్రమే.

కరెంటు = 120 ÷ 35 = సుమారు 3.4 ఆంపియర్లు
సామర్థ్యం = 120 × 3.4 = సుమారు 408 వాట్లు

చూశారా! వోల్టేజి దాదాపు సగమైతే కరెంటు కూడా దాదాపు సగమైంది. రెండిటినీ గుణిస్తే వచ్చే సామర్థ్యం పావు వంతు దగ్గరికి పడిపోయింది. అందుకే నాలుగు నిమిషాల పనికి 16 నిమిషాలు. నేను తగిలించిన అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మార్చిందే గానీ, వోల్టేజిని మార్చలేదు. చాలామంది పెద్దవాళ్ళు కూడా ఇక్కడే పొరబడతారు (నేనూ పడ్డాను).

ఇదంతా విని మా అమ్మాయి గంతులేసింది. "అయితే ఈసారి సెలవులకి ఇక్కడి కెటిల్‌ని అమ్మమ్మకి పట్టికెళ్దాం. అక్కడ ఇంకా తొందరగా మరుగుతాయి!" ఆలోచన సరైనదే. కానీ లెక్క వేయకుండా ప్లగ్గు పెడితే ఏమయ్యేదో చూడండి.

ఇక్కడ కొన్న మా కెటిల్ మీద "120 వోల్టులు, 1200 వాట్లు" అని ఉంది. కరెంటు 1200 ÷ 120 = 10 ఆంపియర్లు. నిరోధం 120 ÷ 10 = 12 ఓమ్‌లు. దాన్ని అమ్మమ్మ ఇంట్లో 230 వోల్టులకి పెడితే కరెంటు 230 ÷ 12 = సుమారు 19 ఆంపియర్లు. సామర్థ్యం 230 × 19 = సుమారు 4,400 వాట్లు! 1200కి తయారైన వస్తువులో 4,400 వాట్ల వేడి. అక్కడ వంటింట్లో ఉండే పెద్ద సాకెట్టు కూడా 16 ఆంపియర్లకే చేసింది. ఫ్యూజు పోతే అదృష్టం. పోకపోతే కెటిల్ మాడిపోతుంది, మంటలూ రావచ్చు.

మరి ఫోన్ ఛార్జర్ రెండు దేశాల్లోనూ ఎలా పనిచేస్తుంది? దాని మీద సన్నటి అక్షరాలు చదవండి. "100–240 వోల్టులు" అని ఉంటుంది. దాన్ని రెండిటికీ సరిపడేలా తయారుచేశారు. మిక్సీ సంగతి వేరు. అందులో మోటారు ఉంటుంది కాబట్టి ఈ చిన్న లెక్క దానికి సరిగ్గా కుదరదు.

మీరు చేయండి: ఒక రైస్ కుక్కర్ మీద "120 వోల్టులు, 600 వాట్లు" అని ఉంది. దాని కరెంటు, నిరోధం ఎంత? 5 ఆంపియర్లు, 24 ఓమ్‌లు వచ్చాయా? అయితే అదే కుక్కర్‌ని 230 వోల్టులకి పెడితే ఎన్ని వాట్లో కట్టి, ఇండియా వెళ్ళే మీ చుట్టాలకి తెలుగులో చెప్పండి.