ఉపవాసం మిగిల్చిన భోజనం ఎవరిది?

రమజాన్ ఉపవాసాలను విధించిన సందర్భంలోనే, పూర్వ సమాజాలకు కూడా ఇవి విధించబడ్డాయన్న సంగతిని దివ్యఖుర్ఆన్ (అల్ బఖరా, 183వ ఆయత్) గుర్తుచేస్తుంది. ఈ విషయాన్ని మనం ప్రతి సంవత్సరం జుమా ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. అయితే ఆ ముందువారు ఎలా ఉపవసించేవారు, ఆ రోజు తినకుండా వదిలిన భోజనం ఏమయ్యేది అని ఆరా తీసేవారు తక్కువ. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం)ను అనుసరించిన తొలి తరాల క్రైస్తవుల ఉపవాసాల గురించి ఈ వారం కొంత తెలుసుకుందాం.

తొలి తరాలంటే ఈసా (అలై) తర్వాత సుమారు మూడు వందల ఏళ్ల కాలం. అప్పటికి వారి చేతిలో రాజ్యాధికారం లేదు. చాలాచోట్ల ఇళ్లలోనే సమావేశమయ్యేవారు. సిరియాలోని దురా యూరోపస్‌లో 3వ శతాబ్దం నాటి అలాంటి ఇల్లు ఒకటి 1930లలో తవ్వకాల్లో బయటపడింది. విశ్వాసాల విషయంలో వారిలోనే భిన్నాభిప్రాయాలుండేవి. ఈసా (అలై)ను మెస్సయ్యగా అంగీకరిస్తూనే మానవునిగా భావించి, సున్తీ వంటి మూసా ధర్మశాస్త్ర నియమాలు పాటించిన ఎబియోనీయులు ఉండేవారు. ఆయనను ప్రభువుగా కొలిచినవారు వారికంటే ఎక్కువ. 325లో నైసియా సభ ఈ రెండో వైపే నిలిచింది. విశ్వాసంలో మనకూ వారికీ ఉన్న అంతరం చిన్నది కాదు. దాని మీద ఇప్పటికే చాలా రాశారు, ఇక ముందూ రాస్తారు. ప్రస్తుతం మన ప్రశ్న భోజనం గురించి.

1873లో ఇస్తాంబుల్‌లో పాత రాతప్రతుల మధ్య 'డిడాకే' అనే చిన్న గ్రీకు పుస్తకం దొరికింది. ఆ మాటకు ఉపదేశం అని అర్థం. ఇది 1వ శతాబ్దం చివర గానీ 2వ శతాబ్దం మొదట గానీ రాసినదని పండితుల్లో చాలామంది అభిప్రాయం. రోజుకు మూడుసార్లు ప్రార్థించాలని, బుధ, శుక్రవారాల్లో ఉపవసించాలని అందులో ఉంది. సోమ, గురువారాలు వద్దంటుంది, ఎందుకంటే అవి యూదులు ఉపవసించే రోజులు. ఆ రెండు రోజుల్లోనే సున్నత్ రోజాలు ఉండే మన పెద్దలకు ఈ సంగతి ఆసక్తి కలిగించవచ్చు.

ఏ రోజు ఉపవసించాలన్నది తేలిన తర్వాత ఎలా అన్న ప్రశ్న వస్తుంది. దీనికి స్పష్టమైన సమాధానమిచ్చినవాడు హెర్మాస్. బానిసగా రోము నగరంలో అమ్ముడుపోయిన మనిషి. 2వ శతాబ్దంలో ఆయన రాసిన 'కాపరి' అనే గ్రంథాన్ని అప్పటి క్రైస్తవులు ఎంతో గౌరవంగా చదివేవారు. అందులోని పద్ధతి ఇది: ముందుగా నోటిని చెడు మాటల నుంచి, మనసును చెడు కోరికల నుంచి కాపాడుకోవాలి. ఉపవాసం రోజున రొట్టె, నీరు తప్ప మరేమీ ముట్టకూడదు. ఆ రోజు మామూలుగా తినవలసిన తిండికి ఎంత ఖర్చయ్యేదో లెక్క కట్టాలి. ఆ మొత్తాన్ని ఒక వితంతువుకో, అనాథకో, అవసరంలో ఉన్నవారికో ఇచ్చివేయాలి. లెక్క కట్టాలనడమే ఇక్కడ విశేషం. కడుపు మాడ్చుకుంటే చాలదు, మిగిలినదానికి జవాబు చెప్పాలి.

ఇది కూడబెట్టుకున్నవారికి మాత్రమే వర్తించే నియమం కాదు. ఏథెన్సుకు చెందిన అరిస్టైడిస్ అదే శతాబ్దంలో రోమన్ చక్రవర్తికి ఒక విన్నపం రాశాడు. దాని సిరియాక్ ప్రతి 1889లో సినాయి కొండ పాదాన ఉన్న మఠంలో దొరికింది. తమ మధ్య ఒక పేదవాడుండి, అతనికి ఇవ్వడానికి తమ వద్ద మిగులు లేకపోతే, క్రైస్తవులు రెండు మూడు రోజులు పస్తుండి అతనికి కావలసిన ఆహారం సమకూరుస్తారని అందులో ఉంది.

దీని వెనుక ఉన్నది తీర్పుదినం మీద నమ్మకం. ఆకలిగొన్నవానికి పెట్టిన అన్నం తనకే పెట్టినట్లని ఆ రోజు ఈసా (అలై) చెబుతారని మత్తయి సువార్త 25వ అధ్యాయం వివరిస్తుంది. ప్రళయదినాన అల్లాహ్, తాను అన్నం అడిగితే పెట్టలేదేమని దాసుణ్ణి నిలదీస్తాడని, ఆకలితో వచ్చిన మనిషికి పెట్టి ఉంటే దాన్ని తన వద్ద పొందేవాడివని తెలియజేస్తాడని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివి చూడండి.

చందాలు ఎక్కడికి వెళ్లేవన్నదానికీ ఆధారాలున్నాయి. పాలస్తీనాలో నేటి నబ్లుస్‌లో పుట్టిన జస్టిన్, సుమారు 155లో రాస్తూ, ఆదివారం పోగైన సొమ్ము అనాథలకు, వితంతువులకు, రోగులకు, ఖైదీలకు, పరదేశులకు వెళ్లేదన్నాడు. నేటి ట్యునీషియాలోని కార్తేజ్‌కు చెందిన టెర్టూలియన్, నెలకోసారి ఎవరికి తోచింది వారిచ్చే పెట్టె గురించి చెప్పాడు. పేదల అంత్యక్రియలకు, పనిచేయలేని ముసలి బానిసలకు కూడా అందులోంచే ఇచ్చేవారట. మన జకాత్‌లా రెండున్నర శాతమన్న నియమం లేదు, నిర్బంధమూ లేదు. 251 ప్రాంతంలో రోము సంఘం 1,500 మందికి పైగా వితంతువులను, నిరుపేదలను పోషించేదని అక్కడి బిషప్పు ఉత్తరంలో ఉంది.

ఇవన్నీ వారు తమ గురించి తాము చెప్పుకున్నవి కదా అనవచ్చు. అయితే శత్రువుల చేతి రాత కూడా ఒకటి మిగిలింది. 303 మే 19న, డయోక్లీషియన్ చక్రవర్తి ఆజ్ఞ ప్రకారం అధికారులు సిర్తా పట్టణంలో క్రైస్తవుల సమావేశ గృహాన్ని సోదా చేశారు. సిర్తా అంటే నేటి అల్జీరియాలోని కాన్‌స్టంటైన్ నగరం. గుమాస్తా ఒక్కొక్క వస్తువూ రాసుకున్నాడు. రెండు బంగారు పాత్రలు, ఆరు వెండి పాత్రలు, వాటితోపాటు ఆడవాళ్ల అంగీలు 82, ముసుగులు 38, మగవాళ్ల అంగీలు 16, మగవాళ్ల చెప్పుల జతలు 13, ఆడవాళ్లవి 47. ఈ బట్టలు, చెప్పులు పేదలకు పంచడానికి దాచినవే అయి ఉండాలి. ఆడవాళ్లవి అంత ఎక్కువగా ఉండటం చూస్తే, అక్కడ చేయి చాచినవారిలో వితంతువులే అధికమనిపిస్తుంది.

వారందరూ మహాత్ములేమీ కాదు. రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే వితంతువులను చిన్నచూపు చూశారని జెరూసలేంలో గొడవ జరిగితే, పంపకం చూడటానికి ఏడుగురిని ప్రత్యేకంగా నియమించవలసి వచ్చింది. కొరింథులో సామూహిక భోజనానికి ఉన్నవారు ముందే వచ్చి తినేసేవారు, లేనివారు ఆకలితో మిగిలేవారు. పౌలు దాన్ని ఉత్తరంలో గట్టిగా మందలించాడు.

ఈ మందలింపు చదువుతుంటే మన ఇఫ్తార్ విందులు కొన్ని గుర్తుకు రాక తప్పదు. పలావు, హలీం, పండ్ల తట్టలు లోపల. గేటు బయట కూర్చున్నవారికి చివర్లో మిగిలినది. విందుల సంగతి అలా ఉంచినా, చాలా ఇళ్లలో రమజాన్ కిరాణా బిల్లు మామూలు నెల కంటే పెరుగుతుంది తప్ప తగ్గదు. ఉపవసించలేని అశక్తులు పేదవానికి అన్నం పెట్టాలన్న ఫిద్యా నియమం 184వ ఆయత్‌లోనే ఉంది. అంటే ఉపవాసానికీ ఎదుటివాని కంచానికీ ఉన్న సంబంధం మనకు కొత్తది కాదు. ఫిత్రాను పండుగ నమాజుకు ముందే అందజేయాలనడమూ పేదవాడు పండుగనాడు తినాలనే. క్రైస్తవుల్లోనూ లెంటు దినాల్లో మానుకున్నదాని విలువను దానమిచ్చే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

హెర్మాస్ చెప్పిన లెక్క మన ఇంట్లో వేయడం కష్టమేమీ కాదు. మానేసిన మధ్యాహ్న భోజనం, రెండు పూటల టీ, సిగరెట్టు, పాన్: ఇంటిల్లిపాదికీ ముప్పై రోజులకు ఎంతవుతుందో కాగితం మీద వేసుకోవచ్చు. ఇది జకాత్‌లో, ఫిత్రాలో కలిపేది కాదు, వేరుగా తీయవలసిన సదఖా. ఆ సొమ్ము మొహల్లాలో ఏ ఇంటికి వెళ్లాలో ఇంట్లోని ఆడవాళ్లను అడిగితే వెంటనే చెబుతారు.