నూతికి సాక్ష్యం ఉండాలి

ఆదికాండము 21వ అధ్యాయంలో ఒక నూతి తగాదా ఉన్నది. అబ్రాహాము తవ్వించిన నూతిని అబీమెలెకు దాసులు బలవంతంగా తీసుకున్నారు. ఆ సంగతి అడిగితే రాజు తనకేమీ తెలియదన్నాడు. ఎవరు చేశారో ఎరుగననీ, ఆ దినం వరకు విననే లేదనీ చెప్పాడు. అబ్రాహాము కోపపడి వెళ్లిపోలేదు. ఏడు ఆడ గొర్రెపిల్లలను వేరుగా నిలబెట్టి, ఆ నుయ్యి తాను తవ్వించినదే అనడానికి వాటిని సాక్ష్యంగా అప్పగించాడు. విశ్వాసులకు తండ్రి అనబడినవాడు కూడా తన నూతి విషయంలో ప్రార్థనతోపాటు సాక్ష్యం ఏర్పాటు చేసుకున్నాడని మనం గమనించాలి.

ఇప్పుడు ఈ మాట ఎందుకు? కృష్ణా గోదావరి డెల్టా భూముల కింద సహజవాయువు ఉన్నది. నలభై ఏళ్లకు పైగా ఈ ప్రాంతంలో గ్యాసు బావులు తవ్వుతూనే ఉన్నారు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావిలో లేచిన మంట 65 దినాలు మండి మార్చి 15న ఆరింది. పెద్దలు ఎవరూ దానిని మరచిపోలేదు. మంట అందరికీ కనబడుతుంది. నూతి నీటిలో వచ్చే మార్పు కంటికి కనబడదు. అందుకే దాని గురించి వ్రాస్తున్నాము.

నీరు ఎలా చెడుతుంది?

గ్యాసు కోసం వేల అడుగుల లోతుకు తవ్వుతారు. ఆ దారిలో మనం తాగే నీటి పొరను దాటుకుని వెళ్లాలి. అందుకే ఉక్కు గొట్టం దింపి, దాని చుట్టూ సిమెంటు పోస్తారు. ఆ సిమెంటు సరిగా పట్టకపోతే గ్యాసుగాని, అడుగున ఉన్న ఉప్పు నీరుగాని పైకి పాకవచ్చు. పైన కూడా ప్రమాదముంది. డ్రిల్లింగు బురద నిలవచేసే గుంట కారినా, డీజిలు ఒలికినా, గ్యాసుతో వచ్చిన ఉప్పు నీటిని సరిగా పారబోయకపోయినా నీరు చెడుతుంది. రిగ్గు వేసిన ప్రతి చోటా ఇలా జరుగుతుందని మేము అనడం లేదు. జరిగితే రుజువు చేయడం కష్టమని మాత్రం చెబుతున్నాము.

ఎందుకంటే మన డెల్టాలో నీరు ఉప్పన కావడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. తీరం దగ్గర సముద్రపు నీరు లోపలికి వస్తుంది. రొయ్యల చెరువుల నుండి ఉప్పు ఊరుతుంది. వేసవిలో ఎక్కువగా తోడితే కింది ఉప్పు నీరు పైకి వస్తుంది. మేము దర్శించే ఇళ్లలో తల్లులు నీటి రుచి మారిందని చెబుతారు. అధికారుల దగ్గరకు వెళితే మొదటి ప్రశ్న ఒక్కటే: ముందు ఎలా ఉండేదో కాగితం ఉన్నదా? అక్కడే నోరు మూతపడుతుంది.

అమెరికాలో ఏమి జరిగింది?

పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డిమాక్ అనే పల్లెలో 2009 జనవరి 1న ఒక ఇంటి నుయ్యి పేలింది. గ్యాసు డ్రిల్లింగు వలన మీథేను నూతుల్లోకి వచ్చిందని ఆ ఊరివారు అన్నారు. ఈ నేలలో మీథేను మొదటినుండీ ఉన్నదేనని కంపెనీ అన్నది. 2011లో డ్యూక్ విశ్వవిద్యాలయం వారు ఆ ప్రాంతంలో 60 నూతుల్లో మీథేను కోసం పరీక్షిస్తే 51 నూతుల్లో కనబడింది. గ్యాసు బావులకు కిలోమీటరు లోపల ఉన్న నూతుల్లో అది చాలా ఎక్కువగా ఉన్నది. అయినా వాదన తెగలేదు. డ్రిల్లింగుకు ముందు లెక్కలు లేకపోవడమే దానికి ఒక కారణం. 2012లో ఆ రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం షేల్ గ్యాసు బావికి 2,500 అడుగుల లోపల, 12 నెలల లోపల నీరు చెడితే బాధ్యత కంపెనీదేనని ముందుగా భావిస్తారు. నీరు మునుపే చెడి ఉన్నదని పాత పరీక్ష చూపితే కంపెనీ తప్పించుకోవచ్చు. అంటే మొదటి కాగితం ఇరుపక్షాలకూ ముఖ్యమే.

ఎప్పుడు, ఏమి పరీక్షించాలి?

2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం చేసిన సవరణతో అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా పోయింది. కనుక దండోరా కోసం కనిపెట్టుకుని ఉండవద్దు. పొలం కౌలు మాటలు, సర్వే రాళ్లు, కొత్త గ్రావెలు రోడ్డు కనబడగానే మేలుకోండి. వేసవిలో ఒకసారి, వర్షాల తరువాత ఒకసారి పరీక్ష చేయిస్తే మంచిది. సమయం లేకపోతే రిగ్గు రాకముందు ఒక్కసారైనా చేయించండి.

మామూలు పరీక్షలతోపాటు మొత్తం కరిగిన లవణాలు, క్లోరైడు, బేరియం, ఆర్సెనిక్, సీసం, నూనె, మీథేను అడగండి. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు తాగునీటిలో లవణాలు 500 మిల్లీగ్రాములు, క్లోరైడు 250, బేరియం 0.7 మించకుండా ఉండడం మంచిది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో సాధారణ పరీక్షలు కొద్ది రుసుముతో చేస్తారు. మీథేను, బేరియం అన్ని చోట్లా చేయరు. ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబును ముందుగా విచారించండి.

సాధ్యమైతే ల్యాబు మనిషి చేతనే శాంపిలు తీయించండి. బోరయితే కొంతసేపు నీరు వదిలిన తరువాత పట్టాలి. ల్యాబు ఇచ్చిన సీసాలే వాడాలి. తేదీ, సమయం, నూతి లోతు, నీటి మట్టం వ్రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి, ఫొటో తీయండి. రిపోర్టు నకలు ఒకటి ఇంట్లో, ఒకటి సంఘ దస్త్రంలో, ఒకటి పంచాయతీలో ఉండాలి. తరువాత నష్టం జరిగితే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో పరిహారం కోరడానికి 5 సంవత్సరాల గడువున్నది. ఆ దినాన ఈ కాగితమే మాట్లాడుతుంది.

నీరు సోడాలా బుడగలు కట్టినా, పంపు గాలి కక్కినా, పైన నూనె తెట్టు కట్టినా ఆ నీరు వాడకండి. అగ్గిపుల్ల గీసి చూడవద్దు, నూతిలోకి దిగవద్దు. వెంటనే అధికారులకు తెలియజేయండి. కాచినంత మాత్రాన ఉప్పుగాని, లోహాలుగాని పోవు.

సంఘం ఏమి చేయగలదు?

పూర్తి పరీక్ష ఖర్చు ఒక కూలి కుటుంబానికి భారమే. అందరూ కలిసి కానుక వేసుకుంటే ఊరికి మూడు నూతులు పరీక్షించవచ్చు: రిగ్గుకు దగ్గరగా ఒకటి, పేటలో ఒకటి, దూరంగా ఒకటి. దూరపు నుయ్యి బాగానే ఉండి దగ్గరిది మాత్రమే చెడితే, సముద్రం మీద నెపం వేయడం సులువు కాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. రిగ్గుకు పొలం కౌలుకిచ్చిన సహోదరుడూ, ఆ పక్క నూతి నీరు తాగే సహోదరీ ఒకే బల్ల దగ్గర ప్రభువు భోజనం తీసుకుంటారు. పరీక్ష అనగానే తన మీద నింద మోపుతున్నారని అతడు అనుకోవచ్చు. పొలం ధర తగ్గుతుందని ఇంకొకరు భయపడవచ్చు. కాపరులు, పెద్దలు ముందుగా వారి ఇళ్లకు వెళ్లి నెమ్మదిగా మాట్లాడాలి. ముందు పరీక్ష ఎవరి మీదా నేరారోపణ కాదు. కంపెనీ తప్పు లేకపోతే ఆ కాగితం దానినే కాపాడుతుంది, మనలను అబద్ధ సాక్ష్యం పలకకుండా తప్పిస్తుంది. తప్పు ఉంటే బీదవాని మాటకు బలమిస్తుంది. పొరుగువానిపై అబద్ధ సాక్ష్యం కూడదన్న ఆజ్ఞను ఈ విధంగా కూడా మనం గైకొనవచ్చు.

నుయ్యి మన తాతలు తవ్వినది, నీరు దేవుడిచ్చినది. మన పిల్లలకు దానిని అప్పగించవలసిన గృహనిర్వాహకులం మనం. ఈ నెల స్త్రీల సమాజ కూడికలోగాని, సంఘ కమిటీలోగాని ఈ సంగతి మాట్లాడండి. రిగ్గు రాకముందే మీ నూతికి సాక్ష్యం నిలబెట్టండి. ప్రభువు మీ ఇంటి నీటిని దీవించును గాక.